గంధమా, పిస్తానా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ పెయింట్ల షాపులోకి తొంగిచూసినా, దసరా ముందూ గృహప్రవేశాల రోజుల్లోనూ ఒకటే చర్చ. షేడ్ కార్డులో వందల రంగులు చూసి, అన్నీ వద్దనుకుని, చివరికి రెండు గళ్ల దగ్గర ఆగిపోతారు. పడగ్గదికి ఆ రెండింటిలో ఒకటి తరచుగా గంధం వైపు మొగ్గే క్రీమ్ రంగు, రెండోది లేత పిస్తా. ఇంటిల్లిపాదీ రెండు జట్లవుతారు. ఆ వాదన కార్డు మీద ఎప్పటికీ తేలదు. తేల్చేవి వేరే ఉన్నాయి: కిటికీ ఉన్న దిక్కు, పక్కింటి గోడ, కింది బండలు, పైన వెలిగే లైటు, చూసేవాళ్ల కళ్లు. ఒక్కొక్కదాని వెనుక ఒక్కో విశేషం ఉంది.

జాకెట్టు ముక్క చెప్పే శాస్త్రం

మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్క కొనే ఆడవాళ్లు చీరనూ గుడ్డనూ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి చూస్తారు. లోపల ట్యూబ్‌లైటు కింద అచ్చం ఒకటిగా ఉన్న రెండు మెంతి రంగులు ఎండలోకి రాగానే విడిపోతాయి. దీని పేరు మెటామెరిజం. మన కంటిలో రంగులను పసిగట్టే కణాలు మూడు రకాలే. రెండు అద్దకాలు కాంతిని వేర్వేరుగా తిప్పికొట్టినా, ఒకానొక లైటు కింద ఆ మూడు రకాల కణాలకూ అందే మొత్తాలు సమానమైతే కంటికి ఒకే రంగు కనిపిస్తుంది. లైటు మారిందంటే లెక్క తప్పుతుంది.

గోడకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక కంపెనీ కార్డులో నచ్చిన షేడును ఇంకో కంపెనీ డబ్బాలో కలిపించుకోవడం మన దగ్గర మామూలే. కానీ రెండు కంపెనీలు వాడే రంగు గుజ్జులు ఒకటి కావు. షాపు లైటు కింద కుదిరిన జోడీ మీ హాల్లో సాయంత్రం కుదరకపోవచ్చు. సగం గోడ ఒక కంపెనీది, మిగతా సగం ఇంకొకరిది వేయించడం అందుకే మంచిది కాదు.

చీర విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే ఇళ్లలోనే గోడ రంగును మాత్రం షాపు కౌంటరు దగ్గర నిలబడి ఖాయం చేసేస్తారు. కార్డును కూడా రోడ్డు మీదికి తెచ్చి చూడొచ్చు, ఇంటికి పట్టుకెళ్లొచ్చు. అడిగితే ఏ షాపువాడూ కాదనడు.

ఉత్తరం కిటికీకి మన ఊళ్లో ఎండ వస్తుంది

ఇంగ్లండులో, అమెరికాలో అచ్చయ్యే ఇంటి అలంకరణ పుస్తకాలు ఒక మాట గట్టిగా చెబుతాయి: ఉత్తరం కిటికీ ఉన్న గదిలోకి ఎండ రాదు, అక్కడి వెలుతురు నీలంగా, చల్లగా ఉంటుంది, కాబట్టి వెచ్చని రంగు వేయండి అని. లండన్‌కు అది నిజమే. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఉన్నది దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. కర్కటరేఖకు కింద ఉన్నాం కనుక సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో ఆ నీడలేని రోజులు మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో పడతాయి. 2023లో పిల్లలు బాటిళ్లూ గ్లాసులూ ఎండలో నిలబెట్టి నీడ మాయమవడం చూశారు.

ఆ రెండు తేదీల నడుమ దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. జూన్ 21 నాటికి ఉదయించే చోటు తూర్పుకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా జరుగుతుంది. అంటే మే నెలలో, వానలు పట్టేలోపు జూన్‌లో, పొద్దున్నా సాయంత్రమూ ఉత్తరం కిటికీలోంచి ఏటవాలు ఎండ గదిలోకి పడుతుంది. పుస్తకం మాట నమ్మి ఆ గదికి గాఢమైన గంధం వేయిస్తే మే నెల సాయంత్రం గోడ పసుపు ముద్దలా మండుతుంది. దక్షిణం గదిది తలకిందుల లెక్క. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి ఎండ గది మధ్య దాకా వస్తుంది. వేసవిలో నెత్తి మీద ఉంటాడు కాబట్టి సన్‌షేడ్ కిందికి రాడు. దక్షిణం గదికి సంక్రాంతి సెలవుల్లో రంగు ఎంచుకుంటే మేలో ఒకలా, మేలో ఎంచుకుంటే సంక్రాంతికి ఇంకోలా కనిపిస్తుంది.

మెయిన్‌రోడ్డు వెంట ఉన్నవాళ్లకు ఇంకో ప్రత్యేకత. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్బీనగర్‌కు వెళ్లే విజయవాడ రోడ్డు తిన్నగా తూర్పుకు పోదు. ఆగ్నేయంగా పోతుంది. దానివైపు ముఖం పెట్టిన భవనాలన్నీ దాదాపు ఈశాన్యాన్నో నైరుతినో చూస్తాయి. వాస్తు చెప్పేవాళ్లు విదిక్కు అనే స్థలాలివి. ఈశాన్యం చూసే గదికి వేసవి ఉదయం ఎండ దండిగా అందుతుంది, మధ్యాహ్నం తర్వాత పలచబడుతుంది. నైరుతి గదికి నాలుగు దాటాక వచ్చే ఎర్రటి ఎండే ముఖ్యం. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. దాని వంతెన ఎదురుగా మొదటి అంతస్తులో కిటికీ ఉన్నవాళ్లు ఆ కాంక్రీటు బూడిద రంగును కూడా లెక్కలోకి తీసుకోవాలి. కిటికీలోంచి ఆకాశం ఎంత తగ్గితే గదిలోకి నీలం అంత తగ్గుతుంది.

పక్కింటివాళ్ల రంగు మీ గదిలోకి

కొత్తపేట, సరూర్‌నగర్, మన్సూరాబాద్ కాలనీల్లో నూటయాభై, రెండు వందల గజాల ప్లాట్లే ఎక్కువ. నూటయాభై గజాలంటే 1,350 చదరపు అడుగులు. అందులో మూడంతస్తులు లేచాక రెండు ఇళ్ల మధ్య మిగిలేది సన్నటి సందు. ఆ సందులోకి తెరుచుకునే కిటికీకి ఆకాశం కనిపించదు, పక్కింటి గోడ కనిపిస్తుంది. మీ గదిలోకి వచ్చే వెలుతురంతా ఆ గోడను తాకి వచ్చేదే. వాళ్లు గోడకు గులాబీ వేయించారనుకోండి, మీ లేత పిస్తా బూడిదలో పడ్డట్టు మాసిపోతుంది. ఆకుపచ్చ వేయించారంటే మీ గంధం మీదికి చిన్న పచ్చదనం పాకుతుంది. వాళ్లు ఐదేళ్లకోసారి రంగు మార్చినప్పుడల్లా మీ పడగ్గది కూడా మారుతుంది, మీరు బ్రష్షు పట్టకపోయినా.

ఇలాంటి గదుల్లో రంగు కంటే ముందు చూడాల్సింది అది ఎంత వెలుతురును తిప్పికొడుతుందన్నది. తెల్లగోడ తన మీద పడినదాంట్లో 80 శాతం దాకా తిప్పికొట్టగలదు. గాఢమైన రంగులు 10, 20 శాతంతోనే సరిపెడతాయి. లైటింగ్ డిజైన్ చేసేవాళ్లు మామూలు గదికి సీలింగు 70, గోడలు 50, నేల 20 శాతంగా వేసుకుని లెక్క కడతారు. చాలా కంపెనీల షేడ్ల వివరాల్లో ఎల్ఆర్‌వీ అనే అంకె ఉంటుంది, అది ఇదే. గంధమా పిస్తానా అని కొట్టుకునేటప్పుడు ఆ అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 75, రెండోది 58 అయితే సందు కిటికీ గదికి జవాబు దొరికినట్టే.

నాలుగు గోడలు కలిస్తే

కార్డు మీద లేతగా కనిపించిన రంగు గదంతా వేశాక ముదిరిపోయిందని అందరూ అంటారు. పెయింటర్ కలపడంలో తేడా చేశాడని అతని మీద కోప్పడతారు. పాపం అతనిది ఏ తప్పూ లేదు. ఒక గోడను తాకిన కాంతి ఎదుటి గోడ మీద పడి, అక్కడి నుంచి మళ్లీ మొదటి గోడకు వస్తుంది. తాకిన ప్రతిసారీ ఆ రంగు ఇంకొంచెం చిక్కబడుతుంది. చిన్న గదిలో ఈ రాకపోకలు మరీ ఎక్కువ. అందుకే నచ్చిన షేడుకు కార్డులో పైనున్న లేత గడిని ఎంచుకోమని అనుభవమున్న పెయింటర్లు చెబుతారు. వినాల్సిన మాట.

నల్లదారం ఫిర్యాదు

ఫ్రాన్సులో గోబెలాఁ అనే ప్రఖ్యాత నేత కర్మాగారం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి అద్దకాల విభాగానికి అధిపతిగా మిషెల్ యూజీన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేశాడు. నల్లదారం సరిగా నల్లగా లేదని నేతగాళ్లు ఫిర్యాదు చేశారు. ఆయన పరీక్షించి చూస్తే దారంలో లోపం లేదు. పక్కనున్న రంగులే దాన్ని వెలిసినట్టు చూపిస్తున్నాయి. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదాన్నొకటి ఎదుటి దిశలోకి నెడతాయని ఆయన 1839లో పెద్ద గ్రంథమే వేశాడు.

దీన్ని మన నేల మీదికి తెచ్చి చూద్దాం. సరూర్‌నగర్, గడ్డిఅన్నారం పాత ఇళ్లలో తాండూరు బండలు, షాబాదు బండలు ఇంకా ఉన్నాయి. నీలి బూడిద రంగు బండ మీద గంధం గోడ ఇంకా పసుపుగా, ముచ్చటగా కనిపిస్తుంది. అదే బండ మీద పిస్తా కొంచెం నిస్తేజమవుతుంది. టేకు తలుపులకు పాలిష్ పెట్టిన గదిలోనైతే ఆ ఎరుపు గోధుమ పక్కన పిస్తా చల్లగా, తేటగా తేలుతుంది. నా మొగ్గు అడిగితే చెబుతాను: షాబాదు నేల ఉంటే గంధం, క్రీమ్ టైల్సూ టేకు తలుపులూ ఉంటే పిస్తా.

షెవ్రల్ మాటను బట్టి చూస్తే గోడ మీద రెండు శాంపిళ్లు పక్కపక్కన కొట్టించడం తప్పు పద్ధతి. పక్కనే పిస్తా ఉంటే గంధం ఉన్నదానికంటే ఎర్రగా, పక్కనే గంధం ఉంటే పిస్తా ఉన్నదానికంటే పచ్చగా కనిపిస్తాయి. రేపు గదిలో ఉండేది ఏదో ఒక్కటే కదా. పెద్ద డ్రాయింగ్ షీట్లు రెండు తెచ్చి, ఒక్కోదానికి ఒక్కో రంగు రెండు కోట్లు వేసి, అంచున తెల్లకాగితం వదిలేయండి. ఒక రోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి గోడకు అంటించండి. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ, రాత్రి చూడండి. కిటికీ ఎదుటి గోడ మీదా, కిటికీ ఉన్న గోడ మీదా చూడండి. ఈ రెండు గోడలకూ మధ్య తేడా ఒక్కోసారి ఆ రెండు రంగుల మధ్య తేడా కంటే ఎక్కువ ఉంటుంది.

లైటు వేశాక

కూల్ డేలైట్ అని అట్టపెట్టె మీద రాసి ఉండే ఎల్‌ఈడీ ట్యూబ్ రంగు ఉష్ణోగ్రత 6500 కెల్విన్. ఫాల్స్ సీలింగు అంచుల్లో దాచే పసుప్పచ్చ లైట్లు 2700, 3000. మొదటి దాని కింద పిస్తా నీటుగా, గంధం పాలిపోయినట్టుగా ఉంటాయి. రెండో దాని కింద పిస్తా దాదాపు క్రీమ్ అయిపోతుంది. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో పగలు కూడా ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. కోచింగ్‌కు వచ్చిన పిల్లలు ఏడాదంతా ఆ గోడల మధ్యే చదువుకోవాలి. అలాంటి గదికి ఎండలో రంగు చూసి ఏం లాభం? ట్యూబ్ కిందే చూడాలి.

ఒకే బట్ట, రెండు రంగులు

2015 ఫిబ్రవరిలో ఒక గౌను ఫొటో ప్రపంచాన్ని రెండుగా చీల్చింది. కొందరికి అది నీలం నలుపు, కొందరికి తెలుపు బంగారు రంగు. అసలు గౌను నీలం నలుపే. అది నీడలో ఉందనుకున్న మెదడు ఒకలా, పసుపు లైటు కింద ఉందనుకున్న మెదడు ఇంకోలా రంగును సరిచేసి చూపించింది. అమెరికాలో ఉన్న అబ్బాయికి గోడ ఫొటో వాట్సాప్‌లో పంపి ఏది బాగుందని అడిగే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి. ఫోను కెమెరా కూడా వైట్ బ్యాలెన్స్ పేరుతో అదే పని చేస్తుంది. గదిలో ఉన్న పసుపును, పచ్చను తనంతట తాను తీసేసి గోడను తెలుపు వైపు లాగుతుంది. రెండు లేత రంగుల మధ్య ఉన్న కాస్త తేడాను తినేసేది అదే. ఫొటోలో పక్కన ఒక తెల్లకాగితం పెట్టి తీస్తే కొంత నయం.

పిస్తా ఒకప్పుడు విషం, తర్వాత వైద్యం

1775లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే ఒక కొత్త ఆకుపచ్చను తయారు చేశాడు. అందులో రాగితో పాటు పాషాణం, అంటే ఆర్సెనిక్ ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా ఇళ్ల గోడలకు అంటించిన పచ్చకాగితాల్లో ఇలాంటి రంగులే ఉండేవి. నేటి పిస్తాలో దాని ఛాయలు లేవు. ఇప్పటి పచ్చ చాలావరకు థాలోసయనిన్ కుటుంబానిది, ఆ కుటుంబంలోని నీలం 1930లలో మార్కెట్లోకి వచ్చింది.

పచ్చ రంగు 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపరేషన్ థియేటర్‌లోకి అడుగుపెట్టింది. హ్యారీ షెర్మన్ అనే సర్జన్ తెల్లగోడల మెరుపు కళ్లకు ఇబ్బందిగా ఉందని పాలకూర రంగు ఎంచుకున్నాడు. రక్తపు ఎరుపును చాలాసేపు చూసి కళ్లు తిప్పితే తెల్లగోడ మీద పచ్చటి మచ్చలు తేలతాయి. గోడే పచ్చగా ఉంటే అవి కనిపించవు. పిస్తా అనగానే మన పెద్దవాళ్లు ఆసుపత్రి రంగు అని పెదవి విరవడం వెనుక ఈ వందేళ్ల చరిత్ర ఉంది.

గంధానికి మూలం తుప్పు

క్రీమ్, గంధం, బిస్కెట్ రంగులకు ముఖ్యమైన దినుసు పసుపు ఐరన్ ఆక్సైడ్. ఇనుము, ఆక్సిజన్, కాస్త నీరు. తెలంగాణ ఇళ్లలో అరుగులకూ గడప పక్కలకూ అలికే జాజు కూడా ఐరన్ ఆక్సైడే, నీరు లేని ఎర్ర రకం. హాల్లోని గంధం గోడా, అమ్మమ్మ ఊరి అరుగూ ఒకే ఖనిజపు పిల్లలని తెలిసినప్పటి నుంచి నాకు ఆ రంగు మీద అభిమానం పెరిగింది. ఎండకు, సున్నపు ఘాటుకు తట్టుకోవడంలో దీన్ని మించినవి తక్కువ.

అన్ని పసుపులూ ఇంత మంచివి కావు. పాత ఎనామిల్ పసుపుల్లో లెడ్ క్రోమేట్ ఉండేది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. వనస్థలిపురం వంటి చోట్ల పాత ఇళ్ల కిటికీ ఊచలు, తలుపులు గీకించేటప్పుడు పొడి ఎమరీ పేపరు వద్దు. తడిపి గీకించండి, చిన్నపిల్లలను, కడుపుతో ఉన్నవాళ్లను ఆ రోజుకు వేరే చోట ఉంచండి. ఇది నేను బతిమాలి చెప్పే మాట. ఆ దుమ్ములో సీసం ఉందో లేదో కంటికి తెలియదు.

వెల్లలో నీలిమందు

సున్నం వేసే రోజుల్లో బకెట్టులో చిటికెడు నీలిమందు కలిపేవారు. నీలం కలిపితే గోడ నిజానికి తిప్పికొట్టే వెలుతురు తగ్గుతుంది. అయినా సున్నంలోని పసుపు ఛాయ కప్పబడి కంటికి ఇంకా తెల్లగా కనిపిస్తుంది. ఇందుకు పనికొచ్చిన అల్ట్రామెరైన్ ఒకప్పుడు అఫ్ఘానిస్తాన్ గనుల లాజవర్దు రాయిని నూరితే వచ్చేది. ఫ్రాన్సులో గిమే అనే ఆయన దాన్ని కృత్రిమంగా చేసే పద్ధతికి 1828లో బహుమతి అందుకున్నాక చవకైంది. సున్నపు క్షారానికి అది చెక్కుచెదరదు. 1760లలో లూయీ బెర్జర్ లండన్‌లో అమ్మిన ప్రష్యన్ బ్లూ అయితే పచ్చి సున్నపు గోడ మీద గోధుమ రంగులోకి తిరిగిపోతుంది. బెర్జర్ పెయింట్స్ పేరు ఆయనదే.

వెల్ల తడిగా ఉన్నప్పుడు నీళ్లలా కనిపించి ఆరాక తెల్లబడుతుంది. ఎమల్షన్‌ది దీనికి ఎదురు నడక. అందులోని బైండర్ తడిగా ఉన్నంతసేపు పాలలా ఉంటుంది, ఆరితే పారదర్శకమవుతుంది. కాబట్టి తడి గంధం చూసి మరీ లేతగా ఉందని ఇంకో చుక్క రంగు వేయించకండి. మర్నాడు చూసి చెప్పండి. వానాకాలంలో ఇంకా ఆగాలి. చెమ్మ ఉన్న గోడ మీద లప్పం పెట్టి రంగు వేస్తే ఉప్పు పొంగి ఏ రంగైనా ఒకటే అవుతుంది.

చల్లదనం కోసమా?

పిస్తా వేస్తే గది చల్లగా ఉంటుందని నమ్మేవాళ్లున్నారు. కంటికి చల్లన, అంతే. పై అంతస్తు వేడి స్లాబు నుంచి వస్తుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం మేడ మీది తెల్లపూత గురించి చెబుతుంది. ఎల్బీనగర్ మేలో రంగు డబ్బు గదికంటే డాబాకు పెట్టడం తెలివి.

ఇంట్లో ఎవరి కళ్లు?

వయసుతో కంటి కటకం పసుపెక్కుతుంది. శుక్లాలు ముదిరిన నానమ్మకు పిస్తాలోని నీలిఛాయ అందదు. ఆపరేషన్ అయ్యాక ఆమెకే ఆ గోడ కొత్తగా కనిపిస్తుంది. చిత్రకారుడు మోనే 1923లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాక తన రంగులు తానే మళ్లీ సరిచూసుకున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆపరేషన్ దగ్గర్లో ఉంటే వాళ్ల గది రంగు ఆ తర్వాతే అడగండి.

ఇంకొకటి. ఎరుపు పచ్చల మధ్య తేడా సరిగా తెలియని చూపు మగవాళ్లలో ఎక్కువ, ఎందుకంటే దాని జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. శాస్త్రవేత్త జాన్ డాల్టన్ 1794లోనే తన చూపు ఇలాంటిదని రాసుకున్నాడు. అలాంటి చూపు ఉన్నవాళ్లు చాలా సులువుగా పొరబడే జంటల్లో ఒకటి లేత పచ్చ, లేత గోధుమ. సరిగ్గా మన పిస్తా, గంధం. భర్త రెండూ ఒకటేలా ఉన్నాయి కదా అంటే ఆయనకు ఆసక్తి లేదని అనుకోవద్దు. నిజంగానే ఆయనకు ఒకటేలా ఉండొచ్చు.

షేడు కోడ్ రాసి దాచండి

పది బై పన్నెండు గది, పది అడుగుల ఎత్తు. నాలుగు గోడలు 440 చదరపు అడుగులు. తలుపూ కిటికీ తీసేస్తే 400. రెండు కోట్లకు ఎమల్షన్ మూడు నాలుగు లీటర్లు పడుతుంది. ఒకటికి మించి డబ్బాలు తెస్తే పెద్ద బకెట్లో అన్నీ కలిపి వాడమనండి, మెషిన్ కలిపినా డబ్బాకూ డబ్బాకూ పిసరంత తేడా ఉండొచ్చు. షేడు కోడ్, బేస్ పేరు, బ్యాచ్ నంబరు, కొన్న తేదీ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. అద్దె పోర్షన్ అయితే ఇది మరీ అవసరం. కిరాయిదారు మారినప్పుడు మేకు గుంతలు పూడ్చి అదే షేడు కొట్టించినా పాత గోడ ఎండకూ పొగకూ కొంత మారి ఉంటుంది, మచ్చలు తెలిసిపోతాయి. మూల నుంచి మూల దాకా ఆ ఒక్క గోడ మొత్తం వేయిస్తే తేడా మూలలో దాగిపోతుంది, రెండు గోడల మీద వెలుతురు ఎలాగూ ఒకేలా పడదు కాబట్టి.